వరహాలమ్మ వెన్నులో కాసేపు

నేను ఒక సూదిని. చూపుడువేలి కన్నా కాస్త పొడుగు, లోపల బోలు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఉక్కు గొట్టంగా సాగి, మొన తేలి, గాలి చొరబడని కవరులో సీలు పడ్డాను. నాణేనికీ సైకిలుకీ వంద చేతులు మారే యోగం ఉంటుంది. నాకు ఒక్క మనిషే. ఒకరి ఒంట్లోకి వెళ్లినదాన్ని ఇంకొకరి దగ్గరికి పంపరు. కవరులో ఉన్నన్నాళ్లూ నాకు ఒకటే ఆలోచన: ఆ ఒక్కరూ ఎవరు?

వరహాలమ్మ అని రాజమండ్రిలో ఒక నొప్పుల ఆసుపత్రికి చేరాక తెలిసింది. ఆవిడ ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, చేతిలో పిండిజావలో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద పరిచి లాగాలి, రేకుని చిరగకుండా ఎత్తాలి, నడుం తిప్పి కుడిపక్కన పెట్టాలి. ఆ తిప్పడంలోనే రెండేళ్లుగా ఆమె ప్రాణం పోతోంది. స్కానింగులో చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు. అప్పట్నుంచి ఇంట్లోవాళ్లు నొప్పి గురించి ఆమెని అడగడం మానేసి, ఆమె గురించి తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

డాక్టర్ ఇందుమతి మంచం పక్కన కూర్చుంది. రక్తం పలచన చేసే మాత్రలు వాడుతున్నారా, షుగరుందా, ఏ మందైనా పడదా అని మరోసారి అడిగింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఇది వైద్యం కాదమ్మా, పరీక్ష. వెన్ను కీళ్ల నుంచి నొప్పిని మోసుకెళ్లే సన్న నరాలకి మత్తు ఇస్తాను. అది కొన్ని గంటలే ఉంటుంది. ఆ కాసేపట్లో నొప్పి బాగా తగ్గితే, ఆ నరాలదే పని అని అర్థం. అప్పుడు ఇంకోరోజు వాటిని వేడితో కాలుస్తాం. కొన్ని నెలలు సుఖంగా ఉండొచ్చు. తగ్గకపోతే మాత్రం తగ్గలేదనే చెప్పాలి."

"మీ హస్తవాసి మంచిదంటండి. మా ఊళ్లో అందరూ అంటారు," అంది వరహాలమ్మ.

నాకు దిగులేసింది. పరీక్ష అన్న మాట ఆమె చెవి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

బోర్లా పడుకోబెట్టారు. ఎక్స్‌రే తెర మీద ఎముకల నీడలు. ముందు చర్మానికి చురుక్కుమనే మత్తు, తర్వాత నేను. డాక్టర్ తెరని చూస్తూ నన్ను కొద్దికొద్దిగా జరిపింది. ఎముక తగిలి ఆగాను. మందు నా గుండా లోపలికి వెళ్లింది. ఇంతగా విన్న ఆ నొప్పిని చూద్దామని వెతికాను. కండ, ఎముక, వెచ్చదనం. అంతే. దాని చోటికి వెళ్లి కూడా నేను దాన్ని చూడలేకపోయాను. ఇక వాకిట్లో నిలబడి చూసేవాళ్లకి ఏం కనిపిస్తుంది?

పని అయ్యాక నన్ను ట్రేలో పెట్టి, ఆమె మంచంతోపాటే పక్కగదిలోకి తోశారు. కాసేపటికి డాక్టర్ వచ్చింది.

"లేచి నడిచారా? ఎలా ఉందమ్మా?"

"పోయిందండి. చేత్తో తీసేసినట్టు పోయింది."

నవ్వుతూనే చెప్పింది. డాక్టర్ ముఖం విచ్చుకుంది. మెప్పు వినాలని ఎవరికుండదు? నేనున్న చోటి నుంచి మాత్రం వరహాలమ్మ ఒక చెయ్యి కనిపిస్తోంది. అది మంచం పట్టీని వదలడం లేదు. నరాల్ని కాల్చాల్సిన రోజు గురించి మాట మొదలైంది. నాకు నోరు లేదు.

అప్పుడు మూలన కూర్చున్న తోటికోడలు మంగతాయారు లేచింది.

"పోయిందా! ఇంత తేలిగ్గా పోయేదానికా అక్కా, రెండేళ్లు నన్ను ఆ పొయ్యి ముందు కాల్చుకు తిన్నావు?"

"నువ్వూరుకోవే."

"ఎందుకూరుకోవాలి? పోతే మంచిదే, రేపట్నుంచి కుండ ముందు నువ్వే కూర్చో. ఏదీ, ఓ రేకు తియ్యి చూద్దాం." మంగతాయారు స్టీలు బేసిను తెచ్చి స్టూలు మీద బోర్లించింది. తువ్వాలు చేతికిచ్చింది. "ఇదిగో నీ కుండ."

డాక్టర్ నవ్వబోయి ఆగింది. "తియ్యండమ్మా. నేనూ చూస్తాను."

వరహాలమ్మ తువ్వాలు పరిచి లాగింది. లేని రేకుని రెండు చేతులా ఎత్తింది. కుడివైపు తిరగబోయింది. సగంలో ఊపిరి తెగింది. కళ్లు మూసుకుంది. చేతులు మాత్రం రేకుని వదల్లేదు.

"ఎంతుంది?"

"ఎప్పుడూ ఉన్నంతేనండి."

"మరి పోయిందన్నారేం?"

"స్కానులో లేదన్నారండి. ఇక్కడా పట్టు దొరకలేదంటే, ఇంక లేనట్టే కదండి అందరికీ."

మంగతాయారు తల దించుకుంది. డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మీరు పోయిందన్న మాట నమ్మి ఉంటే, ఏ పాపం ఎరగని నరాల్ని కాల్చేదాన్నమ్మా. ఇవి కాదని తేలింది, అంతే. తుంటి కీలు దగ్గర వెతకాలి. అక్కడైనా దొరుకుతుందని మాట ఇవ్వలేను."

"అయితే ఉన్నట్టేనాండి?"

"ఉంది."

వరహాలమ్మ చేతులు అప్పుడు కిందికి దిగాయి.

నర్సు నన్ను తీసి సూదుల డబ్బాలో వేసింది. ఇక్కడ నా పక్కనున్నవి ఏ నొప్పిని తగ్గించి వచ్చాయో తెలియదు. నేను దేన్నీ తగ్గించలేదు. మూత పడేముందు మంచం కిర్రుమంది, వెంటనే మంగతాయారు గొంతు:

"నిదానంగా దిగక్కా. నా భుజం పట్టుకో. నొప్పి కదా."