జనుము పేరున

కోతపండుగ ఆదివారం అందరూ చర్చికి గుమ్మడికాయలో జొన్నకంకులో తెచ్చారు. శాంతయ్య మాత్రం గంపెడు టమాటాలతో పాటు, నిండా కాయలున్న చెట్టునొకదాన్ని వేళ్లతో సహా పెరుక్కొచ్చాడు. చర్చిలో పొద్దున్నే కడిగిన బేతంచెర్ల నేలబండల మీద మన్ను రాలుతుంటే అతని భార్య కృపమణికి ఒళ్లు మండింది.

ఈ మనిషి ఎప్పుడూ ఇంతే. తొలకరికి చల్లిన జనుము నడుమెత్తు పెరిగి పసుప్పచ్చగా పూస్తే, ఒక్క గింజైనా ఇంటికి తేకుండా ట్రాక్టరు పెట్టి మన్నులో కలిసేలా దున్నించేశాడు. టమాటా వేళ్లను పట్టే నులిపురుగు దాంతో అణుగుతుందని, తర్వాత ఆ చేలోనే టమాటా పెడతానన్నాడు. ఆ పొద్దు ఆమె గట్టున కూర్చుని ఏడ్చింది.

"కాయలు తెచ్చినాం కదయ్యా, చెట్టునెందుకు పెరికితివి?" అంది గొంతు తగ్గించి.

శాంతయ్య వేళ్లను ఆమె వైపు తిప్పాడు. పోయినేడు వేళ్లు బుడిపెలు బుడిపెలుగా ఉబ్బి తోటంతా ఎండిపోయింది. ఈ వేళ్లు తెల్లగా, నున్నగా ఉన్నాయి.

"కాయలు మన పేరున ఇస్తాండాం. పూతమీదే మన్నులో కలిసిపాయనే, ఆ జనుము పేరున ఎవరు తెస్తారు?"

కృపమణి గంపను పక్కకు జరిపి చెట్టును ముందు పెట్టింది. రాలిన మన్నును మాత్రం తుడవలేదు.