ప్రాక్టీసు మ్యాచ్

జిల్లా కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ ర్యాంకులు 2007లో మొదటిసారి లెక్కగట్టి పంపారు. తాడేపల్లిగూడెంలో నెల్సన్ మాస్టారి జట్టుకు ఐదో స్థానం వచ్చింది. ఏలూరు టోర్నమెంటుకు పిలిచేది నాలుగు జట్లనే. మాస్టారు కాగితం పట్టుకుని స్టాటిస్టిక్స్ చెప్పే జుబేదా దగ్గరికి వెళ్లారు.

"ఏడుకి ఏడూ గెలిచామండీ మేడమ్. మూడు ఓడినవాళ్లు మాకు పైనున్నారేంటండీ?"

"గెలిచారు సరే, ఎవరి మీదండీ? ఈ లెక్కలో మన గెలుపులకు ఒక పాలు, మనతో ఆడినవాళ్ల గెలుపులకు రెండు పాళ్లు. మీరు ఏరుకున్న జట్లు గెలిచిందే తక్కువ మాస్టారూ."

మాస్టారు కాగితంలో మొదటి పేరు మీద వేలు పెట్టారు. "పోనీ, ఆకివీడుతో ఆడి ఓడిపోయుంటే?"

జుబేదా కాలిక్యులేటర్ నొక్కింది. "వాళ్లు అందర్నీ ఓడించారు కదండీ. ఓడినా మనకి నాలుగో స్థానం వచ్చేది."

నిజానికి మాస్టారి జట్టు ఆడి ఓడింది. నవంబరులో, ఆకివీడులోనే, రెండు పరుగుల తేడాతో. రికార్డు పాడవుతుందని, దాన్ని ప్రాక్టీసు మ్యాచ్ అనుకుందామని అక్కడి కోచ్ ఫిరోజ్‌ను ఈయనే బతిమాలుకున్నారు. స్కోరు కాగితం ఇంకా సొరుగులోనే ఉంది. సవరణలకు సాయంత్రం దాకా గడువుంది.

ఫోనులో ఫిరోజ్ అంతా విని నవ్వారు.

"అయితే ఆ రోజు మేం గెలిచామంటారాండీ?"

"గెలిచారండీ. సంతకం పెట్టి ఫ్యాక్స్ పంపండి."

"మా పిల్లలకి కూడా చెప్పేయమంటారా?"

"చెప్పండి" అని ఫోను పెట్టేసి, నోటీసు బోర్డు మీది 'ఓటమి ఎరుగని జట్టు' కాగితం ఊడదీయడానికి మాస్టారు లేచారు.