అక్క క్షమించింది

చర్చిలో ప్రభువు బల్ల రొట్టె తీసుకునే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమని పాస్టరు చెప్పినప్పుడల్లా, ఆ టైలరమ్మ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వాళ్ళక్క తప్పులే ఏరేది. ఈ ఆదివారం మాత్రం, అమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు చూడవచ్చిన అక్కను తాను గుమ్మంలోంచే తరిమేయడం కళ్ళకు కట్టింది. రొట్టె ముట్టలేకపోయింది. లేచి, వెనక బెంచీలో ఉన్న అక్క చేతులు పట్టుకుంది.

“తప్పు నాదేనక్కా. క్షమించు.”

“నిన్నెప్పుడో క్షమించేశానే,” అంది అక్క, మెల్లగా చేతులు విడిపించుకుంటూ. “నీతో మాట్లాడాలంటేనే మనసు రావట్లేదు.”

అక్క తిట్టిపోస్తుందనుకుంది, పడటానికి సిద్ధపడే వచ్చింది. దీనికేం చెయ్యాలి? దేవుణ్ణి అడుగుదామంటే, క్షమాపణ దొరికిపోయింది కదా! ఇంకేమని అడుగుతుంది?