ఆ ఫ్లాట్లలోకి వచ్చేవాళ్ళు

అమెరికాలోని సన్నీవేల్‌లో గోంగూర పచ్చడంటే జయంతి చేతిదే. ఇండియన్ స్టోర్ వెనక వంటగదిలో ఆమె వండితే, సాయంత్రానికి సగం ఊరు డబ్బాలు పట్టుకెళ్ళి తింటుంది. వండే మనిషి ఎక్కడ ఉంటుందని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఇక్కడి అద్దెలు భరించలేక ఆమె దూరాన ట్రేసీ అనే ఊళ్ళో ఒక గది తీసుకుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కారులోనే గడిచిపోయేవి. అందుకే తక్కువ ఆదాయం వాళ్ళకు సన్నీవేల్‌లోనే నూరు ఫ్లాట్లు కట్టాలనుకుంటున్నారని తెలియగానే పేరు రాయించుకుంది.

ఒక శుక్రవారం అచ్యుతరావు గారు కూరల కోసం వచ్చి, కౌంటర్ మీద ఒక కాగితం పెట్టారు. నలభై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ ఇంజనీరు ఆయన. గుడికీ బడికీ అడక్కుండానే విరాళమిచ్చే మంచి మనిషి.

"మా వీధి చివర ఆ ఫ్లాట్లు వద్దని పిటిషన్ వేస్తున్నాం. సంతకం పెట్టమ్మా."

"ఎందుకొద్దు బాబాయిగారూ?"

"ఎవరెవరో వస్తారు. కష్టపడకుండా మన ట్యాక్సుల మీద బతికే రకం." ఆయన చూపు లోపల గిన్నెలు తోముతున్న డొలోరెస్ మీద ఒక్క క్షణం వాలి, పక్కకు తప్పుకుంది.

జయంతి చేతులు తుడుచుకుంది. "ఆ లిస్టులో నా పేరుందండీ."

పెద్దాయన కాగితం తన వైపు లాక్కున్నారు. నిజంగానే జాలిపడ్డారు కూడా. "నీలాంటివాళ్ళ గురించి కాదమ్మా. నువ్వు మనమ్మాయివి. మా బ్యాక్‌యార్డ్‌లో గది ఖాళీగా ఉంది, సగం రెంట్‌కే ఇస్తాను. మంగళవారం కౌన్సిల్ మీటింగ్‌లో ఆ ఫ్లాట్లు అక్కర్లేదని నువ్వే మాట్లాడు. నీ మాటకి వెయిట్ ఉంటుంది."

ఆ నాలుగు రోజులూ జయంతి కళ్ళలో ఆ గదే మెదిలింది. ఆశపడలేదంటే అబద్ధమే. కానీ డొలోరెస్ రెండు చోట్ల పనిచేసి కూడా ఇద్దరు పిల్లలతో వ్యాన్‌లో పడుకుంటోంది. కష్టపడని రకం ఈవిడేనా అనుకుంటే జయంతికి ఒళ్ళు మండిపోయింది.

మంగళవారం హాలంతా మనవాళ్ళే. జయంతి పేరు పిలవగానే, నోట్లో నాలుక లేని మనిషి, చెప్పింది చెప్పి వెళ్తుందని అచ్యుతరావు గారు నిశ్చింతగా కూర్చున్నారు. ఆమె తనకొచ్చిన ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది.

"ఎవరింట్లో ఉల్లిపాయ తినరో, ఎవరికి షుగరుందో నాకు తెలుసు. అక్కడికి ఎవరొస్తారోనని మీకు భయం. నేనొస్తాను. నా పక్కన పనిచేసే డొలోరెస్ వస్తుంది. మీ పిల్లల బస్సు నడిపే మార్కస్ వస్తాడు. మేమేం కొత్తవాళ్ళం కాదు. పగలంతా మీ మధ్యే ఉంటున్నాం. రాత్రి కూడా ఉండనివ్వండి."

ముందుగా చప్పట్లు కొట్టింది అచ్యుతరావు గారి భార్య లీల. ఆ తరవాత ఇంకెంతమందో. కౌన్సిల్లో ఐదుగురు ఫ్లాట్లకు సరేనన్నారు, ఇద్దరు కాదన్నారు. డొలోరెస్ పరుగున వచ్చి వాటేసుకుంటే జయంతి సిగ్గు విడిచి ఏడ్చింది. ఇంత సంతోషం ఆమెకు ఈ దేశంలో ఎప్పుడూ కలగలేదు.

బయట అచ్యుతరావు గారు చిన్నబోయిన మొహంతో ఎదురయ్యారు. "నీకు చోటిస్తానన్నాను కదమ్మా."

"మీరు మీ ఇంటి వెనక ఇస్తానన్నారు బాబాయిగారూ" అంది జయంతి. "మేమంతా మీ పక్కన ఉందామనుకుంటున్నాం."