బ్రేకుల వరస

టీవీకి తగిలించి కార్ల రేసులు ఆడుకునే ఆ ఆట డబ్బాను ఇంటికి తెచ్చింది రంగయ్య శెట్టే. పాత సామాన్ల కోసం హైదరాబాదు పోయినప్పుడు, తుక్కు ఇంజన్ల పక్కన ఎవరో అమ్ముతుంటే కొన్నాడు. రాయచూరు బజారులో పాత బండ్ల విడిభాగాల దుకాణం ఆయనది. కొడుక్కైనా సరే, కొత్త వస్తువు కొనే అలవాటు ఆయనకు లేదు. డబ్బాతోపాటు మెమరీ కార్డు కూడా వచ్చింది. ముఖం తెలియని ఎవరో మనిషి సగం నింపి వదిలేసిన గ్యారేజీ అందులో ఉంది.

"టీవీకి తగిలియ్యి," అన్నాడు కూతురు ఆండాళ్‌తో. "వాడు బయటికి పోకుంట ఉంటె చాలు."

వాడంటే పృథ్వి, ఆండాళ్ అన్న. మోకాలి కట్టు విప్పినప్పటి నుంచి సాయంత్రం కాగానే చెప్పులేసుకుని రైలు కట్ట వైపు నడిచేవాడు. ఆండాళ్ వెనకాలే పోయి, చెయ్యి పట్టుకుని, ఒక్క మాటా అడగకుండా తీసుకొచ్చేది. తల్లి లేని ఇంట్లో ఆ పనికి ఇంకెవరూ లేరు.

అంతకుముందు పృథ్వి ఒక పాత తెల్ల కారు తోలేవాడు. యరమరస్ దగ్గర కరెంటు ప్లాంటు కడుతున్న రోజులవి. పొద్దున షిఫ్టుకు పోయేవాళ్లను ఊళ్లో ఎక్కించుకుని ప్లాంటు గేటు దగ్గర దింపేవాడు. ఒకనాడు, కల్వర్టు దాటాక వచ్చే దిగుడు మలుపులో, ఆగి ఉన్న బూడిద మోసే లారీని కారు వెనక నుంచి గుద్దింది. ముందు సీట్లో ఉన్న బసవలింగప్ప అక్కడికక్కడే పోయాడు. వెనక వాళ్లు దెబ్బలతో బయటపడ్డారు.

జోరుగా తోలి ఉంటాడని ఊరంతా అంది. పృథ్వి కాదనలేదు.

బసవలింగప్ప తల్లి హనుమమ్మ సోమవారం బజారుకు వచ్చినప్పుడల్లా పృథ్వి వాళ్లింటి అరుగు మీద కూర్చునేది. కొడుకు ఈడువాడని పృథ్వికి సజ్జరొట్టెలు గుడ్డలో కట్టి తెచ్చేది. ఇంట్లో మాట్లాడే కన్నడం, బజారులో నేర్చిన తెలుగు కలిపి, ప్రతిసారీ అదే మాట అడిగేది. ఆ గొంతులో కోపం ఉండేది కాదు. కొడుకు చివరి నిమిషం ఎలా గడిచిందో తెలుసుకోవాలని, అంతే.

"నిజ చెప్పు యప్పా. జోరుగ పోయినవా?"

"పోయిన అవ్వా."

"ఎంత జోరుగ?"

"యాద్ లేదు అవ్వా."

ఆమె తల ఊపి, రొట్టెలు తీసి పెట్టి, వెళ్లిపోయేది. పృథ్వి వాటిని ముట్టేవాడు కాదు.

ఆట వచ్చాక కొన్ని వారాలు ఇల్లు తేలికపడింది. ఆటలోనూ ఒక పాత బండ్ల అంగడి ఉంది. రేసులు ఆడుతూ ఆట లెక్కలో వారం గడిపితే అంగడిలో బండ్లు మారతాయి. ఎవరూ కొనని డొక్కు బండిని ఏరి కొనడం, నూనె మార్పించడం, తెర మీద వరసలుగా కనిపించే స్ప్రింగులు, టైర్లు, గేర్లు సరిచేసి దాన్ని గెలిపించడం పృథ్వికి ఇష్టమైంది. ఆండాళ్ పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ చూసేది.

"సూడు చెల్లె, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో బండి మీదనే రాసి పెట్టిండ్రు. మన నాయిన గిట్ల రాస్తడా?"

"రాస్తడు. సగం కొట్టేసి రాస్తడు."

పృథ్వి నవ్వాడు. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది.

బండిని సరిచేసే పద్ధతి మాత్రం తండ్రిదే. ఒక్కటే మార్చాలి. నడిపి చూడాలి. గుణం కనిపించకపోతే ఎట్లుండిందో అట్లే పెట్టి, ఇంకొకటి ముట్టుకోవాలి. రెండు ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు. దుకాణానికి వచ్చే ప్రతి మెకానిక్కుకూ రంగయ్య శెట్టి చెప్పే పాఠం ఇది. పృథ్వి స్పానర్లు అందించే వయసు నుంచి విన్నాడు.

తర్వాత ఒకరోజు అంగడిలోకి ఒక తెల్ల కారు వచ్చింది. పాతది, బరువైనది.

"మన బండి ఆటల లేదు," అన్నాడు పృథ్వి. "గని ఇది మనదాని లెక్కనే కూసుంటది."

ఆ రోజు నుంచి రేసులు ఆపేశాడు. ఒక్క దారినే పట్టుకున్నాడు. అందులో ఒక దిగుడు, దిగుడు చివర మలుపు, మలుపులో గోడ. గోడకు ముందు ఒక ఎర్ర బోర్డు ఉండేది. ఆ రోజు తాను బ్రేకు తొక్కిన కల్వర్టు రాయి నుంచి లారీ ఎంత దూరమో, ఈ బోర్డు నుంచి గోడ అంతే దూరమని పృథ్వి లెక్క. ఆ రోజు తోలింది గంటకు అరవై కిలోమీటర్ల వేగంలోనే అని అతని లోపలి నమ్మకం. అరవైలో వచ్చి, ఎర్ర బోర్డు దగ్గర బ్రేకు. అరిగిన టైర్లు వేసి చూశాడు. స్ప్రింగులు మెత్తబరచి చూశాడు. బండి ఎత్తు పెంచి చూశాడు. ప్రతిసారీ కారు గోడకు ముందే ఆగింది. అతను ఆనందించలేదు. మళ్లీ మొదలుపెట్టేవాడు. తర్వాత వేగం పెంచుతూ పోయాడు.

"తొంభై," అన్నాడు ఒక మధ్యాహ్నం. చేతిలోని ఆట మీట పక్కన పెట్టాడు. "తొంభైల పోతేనే గుద్దుతున్నది చెల్లె. అరవై అని నేనే ఊకె అనుకుంటున్న."

"ఆ బండి మందిని ఎక్కించుకోని తొంభై పోతదా అన్నా?"

"పోయింది కద. బసవ సచ్చిండు కద." అన్నాడు పృథ్వి. "సోమారం అవ్వకు చెప్త. ఇన్ని రోజులు ఎంత జోరని అడుగుతనే ఉన్నది పాపం."

ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. సాయంత్రం గడప దగ్గర చెప్పులు లేవు. ఆండాళ్ రైలు కట్ట దాకా పరుగెత్తింది. గూడ్సు బండి దాటిపోతుంటే, పృథ్వి పట్టాలకు బాగా దగ్గరగా నిలబడి చూస్తున్నాడు. చొక్కా గాలికి కొట్టుకుంటోంది. ఆమె చెయ్యి పట్టుకుంటే, ఎప్పటిలా వెంటనే తిరగలేదు.

ఆండాళ్‌కు ఒక సంగతి తెలుసు. తల్లి పోయాక గల్లా దగ్గర కూర్చునేది ఆమే. ఆ ప్రమాదానికి ముందు, కవితాళ ఊరి నుంచి ఒక డ్రైవరు వచ్చి, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు షూలు గల్లా మీద పడేశాడు. పాత షూల మీద కొత్త పట్టీ అతికించినవి. "పట్టుత లేవు శెట్టీ, నీ సామాను నువ్వే ఉంచుకో," అన్నాడు. తండ్రి వాటిని గరుకు కాగితంతో రుద్ది పైఅరలో రేకు డబ్బాలో వేశాడు. తర్వాత పృథ్వి కారుకు షూలు అరిగిపోతే, ఆ డబ్బానే దించి, దుకాణం ముందు తానే కూర్చుని బిగించాడు. కొత్త సరుకు వచ్చేదాకా నాలుగు దినాలకు చాలన్నాడు. కొత్త సరుకు వచ్చింది, అమ్ముడుపోయింది కూడా. ప్రమాదమైన కారును పోలీసులు వదిలాక, ఎవరినీ చెయ్యి వెయ్యనీయకుండా ఆయనొక్కడే దాన్ని విప్పాడు. కొన్నాళ్లకు అరలు దులుపుతూ ఆండాళ్ రేకు డబ్బా మూత తీసింది. గరుకు కాగితం గీతలతో ఆ షూలు మళ్లీ అందులోనే ఉన్నాయి, అమ్మకానికి.

ఆమె మూత పెట్టేసింది. చెబితే తండ్రి ఏమవుతాడో అని భయం. చెప్పకపోతే అన్న ఏమవుతాడో ఇప్పుడు కట్ట మీద చూసింది.

మర్నాడు పొద్దున పృథ్వి ఆట పెట్టగానే, ఆండాళ్ చేట పక్కన పెట్టింది.

"అన్నా, కింద ఒక వరస నువ్వు ముట్టనే లేదు."

"ఏది?"

"బ్రేకులు."

"బ్రేకులు నాయిన ఏసినవి."

"అందుకేనా ముట్టలేదు?"

పృథ్వి ఆమె వైపు తిరిగాడు. "నీకేమన్న తెలుసా?"

"ఒక్కటే మార్చు. నడిపి సూడు."

అతను మళ్లీ తెర వైపు తిరిగాడు. తర్వాత బ్రేకుల వరసలో పట్టును అడుగుకు దించాడు. మిగతావన్నీ మొదట ఎలా ఉండేవో అలాగే పెట్టాడు. అరవైలో దిగుడు దిగాడు. ఎర్ర బోర్డు దగ్గర బ్రేకు తొక్కాడు. కారు జారుతూ, తొందరేమీ లేనట్టు పోయి గోడకు గుద్దింది. మళ్లీ నడిపాడు. మళ్లీ అక్కడే గుద్దింది.

"పెడలు గట్టిగనే ఉండె," అన్నాడు పృథ్వి. "రాయి మీద కాలు పెట్టినట్లుండె చెల్లె. తొక్కుతనే ఉన్న. బండే ఆగలే."

అప్పుడు ఆండాళ్ రేకు డబ్బా సంగతి చెప్పింది.

భోజనానికి వచ్చిన రంగయ్య శెట్టి గుమ్మంలో ఆగేసరికి తెర మీద తెల్ల కారు మరోసారి గోడ వైపు పోతోంది.

"ఏందిరా అది, అస్తమానం గుద్దుడు? ఆడుకునేది సక్కగ ఆడుకో."

"ఒక్కటే మార్చిన నాయినా. నువ్వు నేర్పినట్లనే."

ఆయన తెర చూశాడు. ఏ వరస మారిందో ఆయనకు చెప్పనక్కరలేదు. కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు.

"నాలుగు దినాలకే అనుకున్న," అన్నాడు కంచంతో.

ఆ తర్వాత రెండు రోజులు గడిచాయి. సోమవారం పొద్దున రంగయ్య శెట్టి దుకాణానికి పోలేదు. హనుమమ్మ అరుగు ఎక్కేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆరామా శెట్రే?" అని పలకరించి, ఆమె రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొంగుతో చెమట తుడుచుకుంది. "నిజ చెప్పు యప్పా. జోరుగ పోయినవా?"

పృథ్వి తల తిప్పి తండ్రిని చూశాడు. చూస్తూ ఉన్నాడంతే. అడిగిన మాటకు ఆయన నోటి నుంచి జవాబు వస్తుందేమోనని ఆండాళ్ కూడా చూసింది. రంగయ్య శెట్టి పెదవులు కదిలాయి. వీధిలో ఒక ఆటో పోయింది. ఆయన కళ్లు ఆ ఆటో వెంట వీధి చివరిదాకా పోయాయి, వెనక్కి రాలేదు.

ఆండాళ్ నోరు తెరవబోయింది. పృథ్వి ఆమె వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తొంభై, అవ్వా," అన్నాడు.

హనుమమ్మ మూటను దగ్గరకు లాక్కుంది.

"తొంభైల పోయిన. ఆపలేకపోయిన."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఇన్ని దినాలు నీ చేతికి రొట్టె ఇచ్చిన," అంది. గొంతు పెంచలేదు. అరుగు మీద చెయ్యి ఆనించి లేచి, ముడి విప్పని మూటను చంకలో పెట్టుకుని దిగిపోయింది. మళ్లీ ఆ అరుగు ఎక్కలేదు.

"పో నాయినా," అన్నాడు పృథ్వి. "పొద్దెక్కింది. దుకాణం తెరువు."

ఆయన పోయాడు. పృథ్వి టీవీ ముందు కూర్చుని బ్రేకుల వరసను మళ్లీ పైకి పెట్టాడు. తెల్ల కారును ఆటలోని అంగడికే అమ్మేశాడు. ఇస్తామన్నంత తీసుకున్నాడు.

పొద్దు వాలేవేళకు రంగయ్య శెట్టి దుకాణం నుంచి తిరిగొచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి, ఎవరినీ పలకరించకుండా లోపలికి పోయాడు. ఆండాళ్ అన్న చెప్పులు తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. మళ్లీ గడప దగ్గరికొచ్చి కాసేపు నిలబడింది. తర్వాత వంగి తండ్రి చెప్పులు కూడా తీసింది.