గాజుపలక కింద నాచు

ప్రొఫెసర్ ఎర్నెస్ట్ ఫోగెల్ పొద్దున్నే గదిలో అడుగు పెట్టగానే బీరువాల్లో అట్టలకి అతికించి దాచిన ఎండుమొక్కలు గరగరమంటూ ఆయన వైపు తిరిగేవి. తమను కోసిన మనిషి వస్తే అవి అలా తిరుగుతాయని కెనడా దేశపు హాలిఫాక్స్‌లోని ఆ యూనివర్సిటీలో అందరికీ తెలుసు. ఊడ్చే ఆవిడ మాత్రం బీరువా తలుపులు సరిగ్గా వేసి చావరని గొణిగేది.

జర్మనీ నుంచి కుర్రతనంలో ఓడ దిగిన ఫోగెల్ జీవితమంతా సముద్రపు బండల మీద నాచు ఏరడంలోనే గడిచిపోయింది. పుస్తకాలు రాశాడు, పేరొచ్చింది, పెళ్లికి మాత్రం తీరిక దొరకలేదు. తీరా రిటైరయ్యే ఏడు వచ్చేసరికి, కొత్త మొక్క కనిపెట్టి చాలాకాలమైందన్న దిగులు పట్టుకుంది.

అప్పుడే మన పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. క్లాసులో కుర్చీలు చాలక కిటికీ గట్లెక్కి కూర్చునేవారు. వాళ్లలో తెనాలి అమ్మాయి సుధామయి ఒకతె.

ఒక ఆదివారం లైట్‌హౌస్ దగ్గర బండ సందులో ఆమెకి ఎవరూ ఎరగని నాచు దొరికింది. అట్టకి అతికించి, సేకరించినవారు అన్నచోట ఫోగెల్ పేరు రాసింది. గురువుగారు ఉండగా తన పేరు రాసుకుంటే పొగరనుకుంటారని భయపడింది. ఫోగెల్ చూశాడు, రేపు దిద్దుదాంలే అనుకున్నాడు. దిద్దకుండానే ఆ నాచు మీద ఆయన రాసిన వ్యాసం అచ్చయింది, ఆయనకి అభినందనలు వచ్చిపడ్డాయి. ఆయన ఆ అట్ట మీద గాజుపలక పెట్టి, పైన మైక్రోస్కోప్ బరువు పెట్టాడు. సుధామయి గదిలోకి వచ్చినప్పుడల్లా పలక కింద నాచు గింజుకునేది. ఆయనకి తిండి సయించేది కాదు.

ఏప్రిల్‌లో పీహెచ్‌డీ సీట్ల కమిటీ ఆ గదిలోనే కూర్చుంది. సుధామయికి వీసా గడువు అయిపోవస్తోంది, సీటు రాకపోతే తిరుగుప్రయాణమే. సొంతంగా ఏం కనిపెట్టావని అడిగితే తల వంచుకుంది. కమిటీ పెద్దావిడ ఫైలు మూయబోతుంటే ఫోగెల్ లేచి, మైక్రోస్కోప్ పక్కకి జరిపి, గాజుపలక ఎత్తాడు.

నాచు ఒళ్లు విరుచుకుని సుధామయి వైపు తిరిగింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెద్దావిడ అట్ట మీద ఫోగెల్ పేరు కొట్టేసి, నీ ఇంటిపేరేమిటని సుధామయిని అడిగింది.

"వద్దండీ. ఆ పేరు రాసింది నేనే. సార్ తప్పేం లేదు," అంది సుధామయి.

"నువ్వు గౌరవం ఇచ్చావు, నేను మొక్కనే కాజేశాను," అన్నాడు ఫోగెల్. "సిగ్గుతో చస్తున్నాను. ఇంటిపేరు చెప్పు."

చెప్పింది. పెద్దావిడ ఒక్కొక్క అక్షరం అడిగి మరీ రాసుకుంది. సీటు ఖాయమైంది. అందరూ చేతులు కలుపుతుంటే సుధామయి ఫోగెల్ కోసం చూసింది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, మెట్ల మీద దిగిపోతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరి నోటి దగ్గర కూడో లాక్కున్నదానిలా కుమిలిపోతూ, కోటైనా వేసుకోకుండా ఆయన వెనకే మెట్లు దిగి పరుగెత్తింది.