సెన్సరుకు గంధం బొట్టు

మా ప్రిన్సిపాల్ అశోక్‌కుమార్‌కు సైన్సంటే భక్తి. భక్తి తప్ప మరేమీ లేదు. పిల్లల ప్రయోగాల కోసం వైర్‌లెస్ సెన్సర్లు కొని, బీరువాలో పెట్టి తాళం వేసుకున్న మహానుభావుడాయన. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయట. ముట్టుకోకుండా ఉంటే పిల్లలు బాగుపడతారు కాబోలు!

సైన్సు టీచర్‌గా నేను కాళ్లావేళ్లా పడి ఒకటి బయటికి తీయించాను. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ గదిలో ఎంత పేరుకుందో అది తెర మీద అంకెగా చూపిస్తుంది. ఆరుబయట నాలుగు వందల చిల్లర. గొప్ప కోసం ఏసీ పెట్టి, కిటికీలు బిగించేసిన మా పదకొండో తరగతి సైన్సు గదిలో మధ్యాహ్నానికి రెండు వేలు దాటింది, అంత పేరుకుంటే ఎవరికైనా మత్తు కమ్ముతుంది. నా క్లాసు పిల్ల చిన్ని పాఠంలో ఎందుకు తూగుతోందో అప్పుడు తెలిసింది. సైన్సంటే ప్రాణం పెట్టే ఆ పిల్లను మొద్దు అని ఆర్ట్సులోకి తోసేయడానికి మా ప్రిన్సిపాల్ సిద్ధంగా ఉన్నాడు.

"తల్లిదండ్రుల ముందే కొలిచి చూపిస్తాను సార్," అన్నాను.

"భేషుగ్గా చూపించండి, సుందరి గారూ!"

ఈలోగా పనిముట్లకు, యంత్రాలకు మొక్కే విశ్వకర్మ పూజ వచ్చింది. జూట్ మిల్లువాళ్లు యంత్రానికి బొట్టు పెట్టారంటే అర్థముంది, ఏడాదంతా దానితో పని చేస్తారు. మా ఘనుడు ఏనాడూ పని చేయనివ్వని సెన్సర్లకు స్వహస్తాలతో గంధం పూసి కుంకుమ అద్దాడు.

మర్నాడే సమావేశం. తల్లిదండ్రులతో మా సైన్సు గది కిక్కిరిసింది. తెర మీద అంకె మాత్రం నాలుగు వందల యాభై దగ్గర కదలదు, మెదలదు.

"చూశారా? గాలి స్వచ్ఛం," అన్నాడు ప్రిన్సిపాల్, చిన్ని తండ్రి తిరుపతిరావుతో. "లోపం గదిలో లేదు, మీ పిల్లలో ఉంది."

కార్పొరేషన్‌లో పనిచేసే తిరుపతిరావు చేతులు కట్టుకున్నాడు. "ఏటి సేత్తాం బాబూ, మిసను అబద్దం సెప్పదు గదా."

చిన్ని తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. సెన్సర్ చేతిలోకి తీసుకుని చూస్తే, గాలి దూరే చిల్లులన్నీ ఎండిన గంధంతో పూడిపోయి ఉన్నాయి! గోటితో గీకి, కొంగుతో తుడిచేశాను.

"అపచారం! పూజ చేసిన బొట్టు చెరిపేస్తారా?" అని ప్రిన్సిపాల్ చెంపలు వేసుకున్నాడు. గదంతా గగ్గోలెత్తింది.

కాసేపటికి అంకె కదిలింది. తొమ్మిది వందలు, పదిహేను వందలు, రెండు వేలు. ఒక్కరైనా తెర వైపు చూస్తేనా! అందరి కళ్లూ నా గోటి మీదే.

"అటు చూడండి, తిరుపతిరావు గారూ!" అని అరిచాను.

"వద్దమ్మా. బొట్టు సెరిపేసి సూపించిన లెక్క మాకొద్దు," అన్నాడతను. "బాబూ, మీరన్నట్టే పిల్లని ఆర్ట్సులో ఎయ్యండి."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

ఆర్ట్సు గదికి ఏసీ లేదు. కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి. చిన్ని అక్కడ ఒక్కనాడూ తూగలేదు, మార్కులు కూడా బాగా వస్తున్నాయి. "ఎవరిని ఎక్కడ వేయాలో నాకు తెలుసు," అని మా ప్రిన్సిపాల్ స్టాఫ్ రూంలో మీసం దువ్వుతున్నాడు. ఆయన సంగతి సరే, అంతకంటే ఏం ఆశిస్తాం! నా కడుపు మండేది ఒక్కందుకే. తనకు సైన్సు పట్టే బుర్ర లేదని చిన్ని కూడా నమ్మేసింది.